కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తోందంటే

చిన్నీకి వదిన ఆశీస్సులు. మేం బాగానే ఉన్నాం, ఇంట్లో పాత కంప్యూటరే బాగాలేదు.

"మెమరీ చాలదు" అని చూపించి ఆగిపోతోంది. చోటు చేద్దామని నా కుట్టు డిజైన్లు సగం తీసేశాను. అయినా అదే పాట. మెకానిక్ వచ్చి, "మీరు ఖాళీ చేసింది దాచుకునే బీరువా అమ్మా, ఇరుకైంది పరుచుకుని పనిచేసే బల్ల. తెరిచినవి మూయకుండా తెర కిందికి తోసేస్తున్నారు," అన్నాడు. ఒక్కొక్కటే పైకి తెస్తే, అన్నీ నీ ఫొటోనే! స్కూటర్ మీద నవ్వుతున్నావే, అది. చెప్పకుండా ఉద్యోగం మారావని నీతో మాటలు మానేసిన మీ అన్నయ్యని అడిగితే, "నాకేం తెలుసు? అదే తెరుచుకుంటోందేమో," అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఫొటోలు వాటంతట అవే తెరుచుకుంటాయా? నాకేమీ అర్థం కావడం లేదు, నీకు తెలిస్తే రాయి.

దగ్గు తగ్గిందా? నా పెద్ద కత్తెర నీ పెట్టెలో వచ్చిందేమో చూడు. మెకానిక్ ఎంత చూపించినా మీ అన్నయ్య మూయడం నేర్చుకునేలా లేరు. అందుకని కొత్త ఫొటో పంపితే చిన్నది పంపమ్మా, పెద్దవి మెమరీ తినేస్తాయట.

మీ వదిన