రాయి మోగలేదు

మార్చి 3, మంగళవారం

కొత్త సానరాళ్ళ డబ్బా విప్పాను. ఒక్కటీ పనికిరాదు.

గ్రైండర్ మెషిన్‌కి బిగించే ముందు రాయి మధ్య చిల్లులో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ పిడితో తడతాం. మంచి రాయి గంటలా మోగుతుంది. పగులున్నది టప్పుమని ఊరుకుంటుంది. అలాంటిది బిగిస్తే తిరిగే స్పీడుకి ముక్కలై మొహం మీదికొస్తుంది. ఈ డబ్బాలో అన్నీ టప్పు టప్పే. పోయినసారి డబ్బాలో కూడా సగం ఇంతే. షాపువాడు మరీ బరితెగించాడు.

ఇంకోసారి చూద్దాం అన్నయ్యా అంది చెల్లెలు. ఈ కొట్లో రాయి సంగతి తేల్చేది నా చెవి అన్నాను. నాన్న దగ్గర నేర్చుకున్న చెవి. అది రంపాలకు పదును పెట్టుకుంటూ కూర్చుంది.

మార్చి 4

డబ్బా తీసుకుని షాపుకి వెళ్ళి నానా మాటలూ అన్నాను. చెల్లెలు వద్దంటూనే వెంట వచ్చింది. షాపువాడు ఒక రాయి తీసి వేలికి తగిలించి తట్టాడు. టప్పు. ఇంకొకటి. టప్పు. చూశావా అన్నాను. బోల్టుల కోసం వచ్చిన ముసలాయన నా వైపు జాలిగా చూశాడు.

చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. మోగుతున్నాయి అన్నయ్యా, పద ఇంటికి అంది.

తల కొట్టేసినట్టయింది.

మార్చి 5

చెల్లెలు వెనక అలమర తెరిచి చూపించింది. పగిలాయని నేను పారెయ్యమన్న రాళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. అన్నీ మంచివేనట. ఎప్పట్నుంచి తెలుసు అని అడిగాను. చాన్నాళ్ళయింది, నువ్వు బాధపడతావని ఊరుకున్నా అంది. నేను బాగున్నాయన్నవాటిని కూడా నేను టీకి వెళ్ళినప్పుడు మళ్ళీ తట్టి చూసేదట.

కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది.

మార్చి 9

చెవి టెస్ట్. చిన్న గది, హెడ్‌ఫోన్స్, చేతిలో బటన్. సౌండ్ వినపడితే నొక్కమంది డాక్టరమ్మ. మొదట గబగబా నొక్కాను. తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. మెషిన్ పాడైందేమో అనుకుని బుద్ధిగా కూర్చున్నాను. టెస్ట్ అయిపోయింది అంది.

సన్నటి శబ్దాలన్నీ పోయాయట. తిరిగి రావట. గ్రైండర్ చేసిన పనేనట. చప్పుడు పడకుండా చెవులకి మఫ్స్ పెట్టుకునేవారు కాదా అని అడిగింది. పెట్టుకుంటే రాయి మోగిందో లేదో ఎలా తెలుస్తుందండీ అన్నాను, మహా తెలివైనవాడిలా. ఆవిడ కాస్త ఆలోచించి, రాయి తట్టేటప్పుడు మెషిన్ ఆపే ఉంటుంది కదా అంది.

ఆపే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆపే ఉంది. తట్టేటప్పుడు మఫ్స్ తీసి, మళ్ళీ పెట్టుకుంటే సరిపోయేది. ఇంత చిన్న విషయం నాన్నకీ తోచలేదు, నాకూ తోచలేదు.

మార్చి 9, సాయంత్రం

నాన్న ప్రతి మాటా అరిచే చెప్పేవాడు. కోపిష్టి మనిషి అనుకున్నాం.

మార్చి 12

చెల్లెలికీ టెస్ట్ చేయించాను. గ్రైండర్ వైపుండే ఎడమ చెవిలో మొదలైందట. ఇప్పట్నుంచైనా జాగ్రత్తపడితే ఇంతటితో ఆగొచ్చంది డాక్టరమ్మ.

అది ఎప్పుడో మఫ్స్ కొనుక్కుంది. పెట్టుకున్న రోజు నేను వదల్లేదు. విమానం ఎన్నింటికి పైలట్ మేడమ్ అన్నాను. చెవులు మూసుకుంటే నా అంతటిదానివి ఎప్పుడవుతావే అన్నాను. కస్టమర్లు కూడా నవ్వారు. మర్నాటికే తీసి మేకుకి తగిలించేసింది. ఇనప రజను పట్టి ఇప్పటికీ అక్కడే వేలాడుతున్నాయి.

నా చెవులు పోయాయంటే నా కొవ్వు. దానివెందుకు పోవాలి?

బస్సులో సారీ చెప్పాను. మెల్లగానే చెప్పాననుకున్నాను. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

మార్చి 13

కొత్త మఫ్స్ రెండు జతలు తెచ్చాను. పక్క కొట్టు పెయింటర్ చూసి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది అన్నాడు. నిజమే. మా చెల్లెలి చేతులింకా పూర్తిగా కాలలేదు అన్నాను.

మార్చి 16

రాయి అరిగింది. మెషిన్ ఆపాను. చెల్లెలు మఫ్స్ తీసి, కొత్త రాయి వేలికి తగిలించి తట్టింది. నేను రాయి వైపు చూడలేదు. దాని మొహం చూశాను.

మోగింది.

అది మఫ్స్ పెట్టుకునేదాకా స్విచ్ వెయ్యలేదు.