ఏడో నంబరు మీద రాసిన ఫౌల్

మార్చి 15, 1998

చిరంజీవి తమ్ముడు బోజాకి,

అక్క ల్యుబింక దీవెనలు. ఇక్కడ నేనూ, కోళ్ళూ, పిల్లీ క్షేమం. మీ బావ మోకాలు మాత్రం క్షేమంగా లేదు. నోవీ సాద్‌లో నువ్వూ, మరదలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకునే ఉంటావు. ముందు నువ్వడిగినవాటికి చెప్తాను. అమ్మ సమాధి రాయి చలికాలంలో కొంచెం పక్కకి ఒరిగింది, బావ సరిచేయించాడు. మరదలు అడిగిన ఎర్ర మిరప పచ్చడి రెండు సీసాలు పక్కన పెట్టాను. మిగతాది బావ రొట్టె లేకుండా చెంచాతో తినేస్తున్నాడు. అడిగితే, "మోకాలికి మంచిదే" అంటాడు. ఏ డాక్టరు చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇక అసలు సంగతి. మే నెలలో మన నేతమిల్లు బాస్కెట్‌బాల్ జట్టుకి ముప్పై ఏళ్ళు నిండుతాయి, పుస్తకం వేస్తున్నాం, ఏ ఏడు ఎన్ని గెలిచామో, ఎన్ని ఓడామో, ఎన్నో స్థానంలో నిలిచామో రాసి పంపమన్నావు. ఆ ముప్పై ఏళ్ళూ ఆ బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసింది నేనే కాబట్టి నన్ను కాక ఎవరిని అడుగుతావులే. ప్రతి ఆట స్కోరు పత్రం నకలు అటక మీద బూట్ల పెట్టెల్లో ఉంది. దించి, దులిపి, తుమ్ముకుంటూ అన్నీ చూశాను.

మొదటి ఏడు పన్నెండు జట్లలో పదకొండో స్థానం. మిల్లు వెనక సిమెంటు నేల మీద ఆడేవాళ్ళం, గుర్తుందా? నీకప్పుడు పదమూడేళ్ళు. వానొస్తే ఆట ఆపేసి బట్టలు పిండుకునేవాళ్ళు. రెండో ఏడు తొమ్మిది. మూడో ఏడు మళ్ళీ పదకొండు. మనం ఓడినప్పుడల్లా అవతలి ఊరివాళ్ళు, "దారం తెగిందిరోయ్!" అని అరిచేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది, కానీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు నోరెత్తకూడదు. డెబ్భై రెండులో పైకప్పున్న హాలు కట్టారు, ఆ ఏడు ఆరో స్థానం. తర్వాత నువ్వూ మిలిసావూ వచ్చారు. నాలుగు, నాలుగు, మూడు, డెబ్భై ఆరులో మొదటి స్థానం. పంతొమ్మిది గెలుపులు, మూడు ఓటములు. పై లీగుకి ఎక్కాం.

నువ్వు నోవీ సాద్ వెళ్ళిపోయాక పై లీగులో తొమ్మిది, పది, పది, పద్నాలుగు. ఎనభైలో కిందికి దిగాం. తర్వాత పదకొండేళ్ళు మిలిసావ్ కెప్టెన్‌గా లాక్కొచ్చాడు. పగలు మిల్లులో రంగుల తొట్ల దగ్గర పని, సాయంత్రం ఆట. గోళ్ళ సందుల్లో నీలం పోయేదే కాదు. ఎనభై ఆరులో రెండు పాయింట్ల తేడాతో పైకి వెళ్ళలేకపోయాం. తొంభై మూడులో పెట్రోలు దొరక్క బయటి ఊళ్ళకి పత్తి లారీ మీద వెళ్ళేవాళ్ళు. దూది నెత్తిన పెట్టుకుని దిగేసరికి అవతలి జట్టు వాళ్ళు, "ముసలాళ్ళని పంపించారేంటి?" అని నవ్వారు. ఆ ఆట గెలిచాం. ఈ ఏడు ప్రస్తుతానికి మూడో స్థానం. వివరాలన్నీ విడిగా కాగితం మీద రాశాను.

ఒక్క వరస మాత్రం నింపలేకపోయాను.

"డెబ్భై ఆరు దగ్గర కాస్త పొడుగ్గా రాయక్కా. మిలిసావ్ తెలివితక్కువ ఫౌల్ చేసి బయటికి పోయాడు చూడు, అది కూడా వెయ్యి, జనం నవ్వుకుంటారు" అని రాశావు. బోజా, ఆ ఫౌల్ మిలిసావ్ చెయ్యలేదు. నువ్వు చేశావు. మిలిసావ్ మీద రాసింది నేను.

ఇది రాయడానికే మూడు వారాలు పట్టింది. ఫోనులో చెప్దామని రెండుసార్లు పోస్టాఫీసు దాకా వెళ్ళి, పచ్చడి సంగతి మాట్లాడి వచ్చేశాను.

డెబ్భై ఆరు ఆఖరి ఆట, ఇంకా మూడు నిమిషాలుంది. ఒక్క పాయింటు వెనక ఉన్నాం. నీకు నాలుగు ఫౌల్స్, మిలిసావ్‌కీ నాలుగే. అయిదోది ఎవరిదైతే వాడు బయటికి. మూడో వరసలో నోవీ సాద్ క్లబ్బుకి ఆటగాళ్ళని ఎంచే పెద్దమనిషి కూర్చున్నాడు. మీ ఇద్దరినీ చూడటానికే వచ్చాడు. బుట్ట కింద అందరూ కలగాపులగంగా పడ్డారు, ఈల మోగింది. రిఫరీ నా ముందుకొచ్చి ఒక చేత్తో అయిదు వేళ్ళు, ఇంకో చేత్తో మూడు చూపించాడు. మన వాళ్ళు మూడు ఎలా చూపిస్తారో నీకు తెలుసుగా, బొటనవేలు, దాని పక్క రెండూ. నేను ఆ బొటనవేలు చూశాను. చూసి కూడా, అది చేతిలోకి ముడుచుకుని ఉందని చెప్పుకోవచ్చులే అనుకున్నాను. అయిదూ రెండూ ఏడు. ఎనిమిదో నంబరు నీది. ఏడు మిలిసావ్‌ది. ఏడో వరసలో రాసి, అయిదు అంకె ఉన్న ఎర్ర పలక ఎత్తి, "ఏడు!" అని అరిచాను.

రిఫరీ ఆగాడు. మిలిసావ్ నా వైపు చూశాడు. ఆ రోజుల్లో ఫౌల్ చేసినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవాలని నియమం కదా, ఆయన మెల్లిగా చెయ్యెత్తాడు. రిఫరీ తనే పొరబడ్డాననుకుని తిరిగి వెళ్ళిపోయాడు. నువ్వు ఏడు పాయింట్లు వేశావు. ఊరంతా నిన్ను భుజాల మీద మోసింది. ఆ పెద్దమనిషి నిన్ను తీసుకెళ్ళాడు. మిలిసావ్‌కి ఊళ్ళో 'అయిదో మిలిసావ్' అని పేరు పడింది.

అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని, నీ కోసమే చేశాను అని ఎన్నో ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. నువ్వు లేకుండా ఆ మూడు నిమిషాలు మిలిసావ్ ఆడినా గెలిచేవాళ్ళమేమో. ఇక ఎవరికీ తెలియదు. ఆయన దగ్గర్నుంచీ, ఊరి దగ్గర్నుంచీ, నీ దగ్గర్నుంచి కూడా ఆ సంగతి దొంగిలించాను. మా అమ్మాయి పెళ్ళిలో నువ్వు లేచి ఆ కథ చెప్పినప్పుడు, మిలిసావ్ తన కూతురి పక్కన కూర్చుని అందరితో పాటు నవ్వాడు. ఆ పిల్ల, "ఎందుకు చేశావు నాన్నా అంత పిచ్చి పని?" అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మొన్న గురువారం వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో ప్లమ్ కొమ్మలు కోస్తున్నాడు.

"ఏంటి ల్యుబింకక్కా, మొహం అలా పెట్టావ్? స్కోరు తప్పిందా?" అన్నాడు.

"తప్పింది, ఇరవై రెండేళ్ళ కింద" అని అంతా చెప్పాను.

రంపం ఆపలేదు. "తెలుసులే. నాకూ కళ్ళున్నాయి. ఎనిమిదే చూపించాడు."

"మరి చెయ్యెందుకెత్తావు?"

"ఎత్తకపోతే కాగితం తీసి చూస్తారు. నిన్ను బల్ల దగ్గర్నుంచి లేపేస్తారు. ఆట రద్దంటారు. ఊరోళ్ళు నిన్ను బతకనిస్తారా? మూడు నిమిషాలేగా, కూర్చుంటే పోయేదేముంది అనుకున్నా." ఇంకో కొమ్మ కోసి, "పోయిందేంటో తర్వాత తెలిసిందనుకో" అన్నాడు.

నాకు ఏడుపాగలేదు. ఆయన రంపం కింద పెట్టి, "ఒక్కటి చెప్పక్కా. బోజాకి తెలుసా?" అన్నాడు.

"తెలీదు. కింద పడి ఉన్నాడు, ఇటు చూడనేలేదు" అన్నాను.

"అదీ! నేనూ అదే అనుకున్నా. తెలిస్తే నా కూతురి ముందు ఆ కథ చెప్పే మనిషి కాదు వాడు." ఎంత తేలికపడ్డాడో! లోపలికెళ్ళి సారా సీసా తెచ్చి నాకు గ్లాసు పోసి, "పుస్తకంలో ఏమీ మార్చొద్దు. వాడికి చెప్పొద్దు" అన్నాడు. తాగాను. సగం అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఎందుకంటే బోజా, ఆ సాయంత్రం నీ మోచేతి గాయం కడిగింది నేనే. అందులో రెండు పంటి గాట్లున్నాయి. అవతలి జట్టు కుర్రాడు నోట్లో గుడ్డ కుక్కుకుని వెళ్ళడం నేను చూశాను. నేనేమీ అడగకుండానే నువ్వు, "గోడకి గీసుకుంది" అన్నావు. నేను, "అవునా" అని కట్టు కట్టాను. ఫౌల్ ఎవరిదో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం తలెత్తలేదు. అప్పుడు నీకు ఇరవై ఒకటి, నాకు ఇరవై తొమ్మిది. ఆ అబద్ధం నీకు నేర్పింది నేనే. నిన్ను నిందించే మొహం నాకు లేదు.

కానీ గురువారం మిలిసావ్‌కి రెండోసారి తప్పుగా చెప్పి వచ్చాను, మళ్ళీ నిన్ను కాపాడటానికే. నోట్లోంచి ఎలా వచ్చిందో కూడా తెలియదు, అలవాటైపోయింది. మొదటిది మే నెలలో హాల్లో అందరి ముందూ నేనే ఒప్పుకుంటాను. మిలిసావ్ వద్దన్నా, నువ్వు వద్దన్నా ఆగను. రెండోది నేను దిద్దేది కాదు. ఆయన అడిగింది నీ గురించి. రోజూ రెండింటికి డ్యూటీ దిగి ఇంటికొస్తాడు, ఫోను నంబరు వెనక రాశాను. నువ్వే చేసి చెప్పు. నీ వరసలో ఈసారి నేను రాయను.

మరదలికి, పిల్లలకి నా ముద్దులు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచి, తప్పు దారిలో దించిన
నీ అక్క
ల్యుబింక