అందరికంటే ముందు దిగిన పిల్ల

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మీ తర్వాత పరుగు పిల్లల్ని నేనే చూస్తున్నాను. పరుగుకి ముందు మీలాగే డుంబ్రిగుడ కొండ వాలులో నడిపించి దింపుతాను. దాచుకున్న నొప్పి దిగేటప్పుడే బయటపడుతుందనేవారు మీరు.

ఈ ఉదయం నేను వెళ్లేసరికే సుకాంతి అప్పటికే దిగేసి కింద నిలబడి ఉంది. నిరుడు ఎడమకాలి ఎముక చిట్లిన పిల్ల.

"మళ్లీ ఎక్కి దిగు," అన్నాను.

"ఏటీ లేదక్కా, బానే ఉంది."

ఎక్కింది. దిగేటప్పుడు ఎడమకాలు పక్కకి పెట్టింది. రేపటి సెలక్షన్ జాబితాలోంచి తన పేరు కొట్టేశాను. ఏడ్చి, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఎలా కనిపెట్టానో తనకి చెప్పలేదు. అప్పట్లో నా కాలి ఎముక చిట్లాక, నొప్పి మీ కంటపడకూడదని నేనూ మీరు రాకముందే దిగి నిలబడేదాన్ని. "సూడండర్రా, ఈ గుంట ఎంత బేగి వచ్చీసిందో," అని మీరు అందరికీ నన్ను చూపించేవారు. అదే ఎముక రెండోసారి విరిగి నా పరుగు ఆగిపోయింది.

ఆసుపత్రిలో మిమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్లతో, "నానే ఎక్కువ పరిగెట్టించి ఈ గుంట కాలు పాడు సేసీసినాను," అన్నారు. మీ మంచం పక్కనే కూర్చుని విన్నాను. కాదని అనలేదు.