బావికాడి మామిడి కాసింది

అమ్మా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. నువ్వు మదనపల్లె సంతలో కొన్న పండు తిని, ఆ టెంకను బావికాడ నాటినావు గదా, ఆ మామిడి ఈ ఏడు కాసింది. "అంటు కట్టని చెట్టుకు తీపి యాడొస్తాదే?" అని నాయన, "అదే తీపి వస్తాది సూడు" అని నువ్వు. ఎద్దులతో నీళ్లు తోడే కపిల పోయి బావికి మోటారొచ్చినా మీ కొట్లాట మాత్రం పోలా.

కాయని చెట్టును ఏటా పూతకు ముందు బెదిరించేది మన వాడుక. నాయన గొడ్డలెత్తి "కాస్తావా, నరికేసేదా?" అంటే, నువ్వు చెట్టు ఎనకాల నిలబడి "నరకొద్దు సామీ, ఈ తూరి కాస్తా" అనేదానివి. నువ్వు పోయినాక కూడా నాయన గొడ్డలెత్తి అడిగినాడు. నీ చోటికి నేను పోవాల్సింది, బావి గట్టు మీదే నిలబడినా. ఆయనే గొడ్డలి కింద పెట్టి, చెట్టు ఎనక్కి పోయి, నీ మాటే అన్నాడు.

నిన్న మొదటి పండు కోసినాం. నోట్లో పెట్టుకోంగానే కండ్లు మూసుకున్నా, అంత పులుపు. నాయన మాత్రం టెంక దాకా చీకి, చెయ్యి కడుక్కుంటా అన్నాడు:

"మీయమ్మే గెలిచింది. తియ్యగుండాది."