కమానుకి కొబ్బరినూనె

ఆదివారం, రాత్రి

కడుపుమంట ఇంకా చల్లారలేదు. చర్చిలో చెల్లో, అదే మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్, నేర్చుకోవడం నేనూ, మా తోడికోడలు సునీతా ఒకే రోజు మొదలుపెట్టాం. ఆమె వాయిస్తే అందరూ తలలు తిప్పి చూస్తారు. నేను వాయిస్తే తలుపు కిర్రుమన్నట్టుంటుంది. తీగల మీద లాగే కమానుకి కట్టిన గుర్రపు వెంట్రుకలు మరీ బిరుసుగా ఉన్నాయనిపించి, నిన్న వాటికి శుభ్రంగా కొబ్బరినూనె పట్టించాను. మా వైపు బిరుసెక్కిన దేనికైనా అదే కదా మందు.

ఈరోజు ఆరాధన అయ్యాక క్లాసులో కమాను తీగల మీద జారిపోయింది తప్ప శబ్దమే రాలేదు. మాస్టారు దాన్ని తీసుకుని వాసన చూశారు.

"నూనె గానీ రాసేరా అండీ?"

"ఆయ్, కొంచెమేనండీ."

"జిడ్డుంటే పలకదండీ. వెంట్రుకలు తీగని పట్టుకోవాలి, అందుకే కదండీ రోజిన్ బంక రుద్దేది."

అందరూ నవ్వారు. సునీత నవ్వలేదు. "నాది తీసుకో అక్కా" అంటూ తన కమాను చేతిలో పెట్టింది. నవ్వినా బాగుండేది.

దాంతో లాగితే నా చెల్లో మొదటిసారి నిండుగా పలికింది. ఆ వణుకు నా మోకాళ్లలోకి దిగింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. "ఎంత మంచి మనసండీ మీది!" అన్నారు.

నాతో కాదు, సునీతతో.