టాపెట్ల చప్పుడు

జూలూరుపాడు,
ఆదివారం.

నాన్నకు కూతురు సాహిత్య నమస్కారాలు.

ఇక్కడ అమ్మా, నాన్నమ్మా, నేనూ బాగానే ఉన్నాం. ఆ అరుణాచల్ కొండల్లో నువ్వూ బాగున్నావనీ, సొరంగం పనిలోకి దిగేటప్పుడు మఫ్లరు మరచిపోవడం లేదనీ అనుకుంటున్నాను. నీ ఉత్తరం పన్నెండు రోజులకి చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకొంచెం ఎక్కువ వచ్చింది.

"తాతయ్య పోయాక నీ మనసు ఆ బండికి అంటుకుపోయింది తల్లీ, చదువుకున్న పిల్లవి, ఆ మమకారం లోంచి బయటపడాలి" అని రాశావు. అమ్మ కూడా ఎదురింటావిడతో ఇదే చెబుతోంది. బలరాం బాబాయి అయితే "పాపం, తాత మీద బెంగతో పిల్ల ఇనప సామాను ముందేసుకు కూర్చుంటోంది" అని కనపడ్డ వాళ్లందరికీ చెప్పాడు. తాతయ్యంటే నాకు ప్రేమే నాన్నా. కానీ ఆయన ఆ బండి ముందు సీట్లో నన్ను ఒక్కసారి కూడా కూర్చోబెట్టలేదు. అది తమ్ముడు నాగచైతన్య సీటు. వాడు చదువు మానేసి క్రికెట్ ఆడితే "వాడికి ఆటంటే పిచ్చి" అని నవ్వుకున్నారు. నేను స్పానరు పట్టుకుంటే మాత్రం దాని వెనక ఏదో దుఃఖం ఉండి తీరాలి మీకు. లేదు. ఆ పని నాకు ఇష్టం. అంతే.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు. నాన్నమ్మ మోకాలు కొంచెం నయం. దవాఖానాలో ఇచ్చిన పట్టీ కట్టుకోమంటే "అది కట్టుకుంటే ముసలిదాన్ననుకుంటారే" అంటోంది. పెరటి గోడ కూలలేదు, వంగింది. హైదరాబాద్ కంపెనీలో చేరే తేదీ పదిహేను. "చేరతావా లేదా, ఒక్క ముక్కలో రాయి" అన్నావు. రాస్తాను, చివర్లో.

ఇక బండి. బాబాయి తెచ్చిన హైదరాబాద్ ఆసామి వచ్చి చూశాడు. అరవై ఎనిమిదో సంవత్సరం బీటిల్ కారు, అడుగు భాగం ఇంకా తుప్పు పట్టలేదని ముచ్చటపడి, తెల్ల ప్యాంటు మాసినా చూసుకోకుండా కింద పడుకుని మరీ ఫోటోలు తీసుకున్నాడు. దాని ఇంజిన్ వద్దని ఇంకేదో పెట్టి, పెళ్లి ఊరేగింపులకి కిరాయికి తిప్పుతాడట. బాబాయి కాగితాలు తీసుకురమ్మన్నాడు. నాన్నమ్మ లోపలికి వెళ్లి తెచ్చింది. నువ్వు మరచిపోయావేమో, తాతయ్య పోయాక బండి ఆవిడ పేరు మీదకి మార్పించింది నువ్వే.

"సంతకం ఎక్కడ పెట్టాలయ్యా?" అంది.

బాబాయి సంబరంగా పెన్ను అందించాడు.

"ఇక్కడ పిన్నీ, ఇక్కడ."

"ఓహో, ఇక్కడా," అని కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "మనవరాలు నాలుగు నెలల నుంచీ పొద్దున్నే లేచి ఇంజిన్ పనికి పోతోంది. అదేం చేస్తోందో చూశాక పెడతాలే."

నువ్వు అడిగిన ముఖ్యమైన ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. "ఇంజిన్ ఎవరి చేతిలో పెట్టావు? ఆ జంపయ్యగాడికి మాత్రం ఇవ్వొద్దు" అన్నావు. ఆయనకే ఇచ్చాను. ఆయనకి అరవై రెండేళ్లు నాన్నా. నేను మామా అని పిలుస్తున్నాను.

కొత్తగూడెం రోడ్డు మీద ఆయన షెడ్డు అలాగే ఉంది. ముందు ట్రాక్టర్లు, వెనక వేపచెట్టు. దాని కిందే మన ఇంజిన్ విప్పాం. సిలిండర్ హెడ్లు విజయవాడ పంపి వాల్వులు, అవి కూర్చునే సీట్లు కొత్తవి వేయించాం. పదిహేను వందల సీసీ ఇంజిన్‌కి పదహారు వందల పిస్టన్లు, సిలిండర్లు ఎక్కించాం. నిప్పురవ్వనిచ్చే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాం. ఈ ఇంజిన్‌ని చల్లబరిచేది గాలి. పాత రకంలో ఆయిల్ కూలరు సరిగ్గా మూడో సిలిండరుకి గాలి అందే దారిలో నిలబడుతుంది. అందుకే నాలుగింట్లో మూడోదే ముందు కాగిపోతుంది. తర్వాతి మోడళ్లలో వచ్చిన ఫ్యాను డొప్పని పూణే నుంచి తెప్పించి, కూలరుని ఆ దారిలోంచి తప్పించాం. ఇది కాలేజీలో ఎవరూ చెప్పలేదు. పాత హెడ్డు మీద నల్లబడ్డ మరకని చూపించి జంపయ్య మామ చెప్పాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. టాపెట్లు సెట్ చేసేది తెల్లవారుజామునే. ముందు రోజంతా ఇంజిన్ స్టార్టు చేయనివ్వడు. పొద్దున నేను వెళ్లేసరికి అరచెయ్యి కాదు, చెయ్యి వెనక వైపు సిలిండరుకి ఆనించి నిలబడతాడు.

"ఏంది మామా, జ్వరం చూస్తున్నవా?" అన్నాను ఒకరోజు.

"అవ్. మనమే ఇంకా లేవలే, అది లేస్తదా? మంచిగ సల్లబడాలె. గప్పుడే ఉన్నదున్నట్టు చెప్తది."

అప్పుడు గాని కొలత రేకు చేతికివ్వడు. వాల్వు కొనకీ, దాన్ని నొక్కే మీటకీ మధ్య ఆ పల్చటి రేకు దూరేంత సందు ఉండాలి. టాపెట్లు సెట్ చేయడమంటే ఇదే. ఇంజిన్ తిరిగేటప్పుడు ఆ సందు వల్ల టకటకమని చప్పుడొస్తుంది. సందు లేకపోతే చప్పుడుండదు. కానీ వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట అంచుల్లోంచి జారి దాన్ని కాల్చేస్తుంది.

ఇది నీకెందుకింత వివరంగా రాస్తున్నానంటే, నాన్నా, నాలుగేళ్లుగా చెప్పనిది ఒకటుంది.

ఆ ఎండాకాలం నువ్వు సెలవు మీద వచ్చావు. జంపయ్య మామ ఇంజిన్ సర్వీసు చేసి ఇచ్చాడు. నువ్వు ఊళ్లో ఒక చుట్టు తిప్పి, "ఇదేం చప్పుడు, కుట్టుమిషన్‌లా! వెనక్కి తీసుకెళ్లి సరిగ్గా చేయమను" అని తాళాలు నాకిచ్చావు. "గా చప్పుడు ఉండాలె సార్" అని ఆయన నీకు అప్పటికే చెప్పాడు. నువ్వు వినలేదు. నేనూ వినలేదు. నేను మెకానికల్ ఇంజనీరింగు రెండో సంవత్సరం. పదో తరగతి తప్పిన మనిషికంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. బండిని షెడ్డుకి తీసుకెళ్లలేదు. మన కొట్టంలో పెట్టి, తలుపులు వేసుకుని, చప్పుడు ఆగేదాకా ఎనిమిది టాపెట్లూ బిగించాను. నీ దగ్గరికొచ్చి "జంపయ్య సరిచేశాడు" అన్నాను. నువ్వు విని, "చూశావా, గట్టిగా అడిగితే ఎలా చేస్తారో" అన్నావు.

నాలుగో రోజు భద్రాచలం బయల్దేరాం. పాల్వంచ దాటాక అడవి మధ్యలో ఏం జరిగిందో నీకు గుర్తే. మూడో సిలిండరు వాల్వు కాలిపోయింది. నాన్నమ్మ రెండు గంటలు కల్వర్టు మీద కూర్చుంది, కోతి వచ్చి కొబ్బరికాయ సంచీ లాక్కుపోయింది, బండిని ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకొచ్చాం. ఆ తర్వాతి సంత రోజున నువ్వు షెడ్డుకెళ్లి, అంతమంది రైతుల ముందు ఆయన్ని అన్న మాటలు నేను మళ్లీ రాయను. నీ వెనకే నిలబడి విన్నాను.

ఆ రోజు నుంచి ఆయన కార్లు ముట్టుకోవడం మానేశాడు. ఎవరైనా తెస్తే "నా చెయ్యి తప్పుతది, ఖమ్మం తీస్కపోండ్రి" అని పంపేసేవాడట. ఇది నాకు నాలుగు నెలల కిందటే తెలిసింది. తెలిసిన రోజే వెళ్లి చెప్పాను.

"రేకు ఎంతది పెట్టినవ్?" అన్నాడు.

"ఏదీ దూరకుండా బిగించాను మామా."

చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. "నాలుగేండ్లు నా చెయ్యిని నేనే నమ్మలే బిడ్డా," అన్నాడు. "గా మాట జల్దీ చెప్తే నీదేం పోయేది?"

తిడతాడనుకున్నాను. లేచి లోపలికెళ్లిపోయాడు. నేను స్కూటీ తిప్పుకుంటుంటే లోపలి నుంచి కేకేశాడు: "రేపు పొద్దుగాల రా. ఇంజిన్ విప్పుదాం."

మొన్న సంతకి, నువ్వు నిలబడ్డ చోటే నిలబడి, అక్కడున్న రైతులందరికీ చెప్పాను. బిగించింది నేను, అబద్ధం చెప్పింది నేను, ఈయన తప్పు లేదు అని. హాతీరాం అనే తండా రైతు ట్రాక్టరు మీంచే అన్నాడు: "గట్లనా! మరి మీ బాపు తిట్టిన తిట్లు ఎవలు వాపస్ తీస్కుంటరు?" అందరూ నవ్వారు. జంపయ్య మామ నవ్వలేదు. బాబాయి నన్ను పక్కకి లాగి, "నువ్వు చెప్పకపోతే ఏం మునిగిందమ్మా? మీ నాన్న పరువేం కాను?" అన్నాడు. నీ పరువు నాకు తెలుసు నాన్నా. ఆయన చేతి సంగతి కూడా తెలుసు.

నిన్న, ఇంజిన్ తిరిగి బిగించిన బండి తీసుకుని భద్రాచలం వెళ్లొచ్చాం. నేను నడిపాను, మామ పక్కన, నాన్నమ్మ వెనక. ఆ కల్వర్టు దగ్గర ఆపి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "పో, ఏం కాదు" అన్నాడు. వంతెన మీద గోదావరి గాలికి నాన్నమ్మ కొంగు తలకి చుట్టుకుని, "ఏమే, ఇది దారంతా వాగుతూనే ఉంటుందా?" అంది. "ఉంటుంది నాన్నమ్మా" అన్నాను. తిరిగొచ్చేదాకా నిద్రపోయింది. రాగానే బొడ్లోంచి ఆ అమ్మకం కాగితం తీసి నా చేతిలో పెట్టింది. సంతకం లేదు.

నువ్వు అడిగిన ఒక్క ముక్క ఇదిగో. పదిహేనున నేను హైదరాబాద్ వెళ్లడం లేదు. కంపెనీకి నిన్ననే రాసి పంపాను. రేపటి నుంచి జంపయ్య మామ షెడ్డులో పని చేస్తాను. ట్రాక్టర్లు ఆయనవి, కార్లు ఇద్దరివీ. బండి అమ్మం. ఈసారి నువ్వు సెలవుకి వచ్చినప్పుడు కొత్తగూడెం స్టేషనుకి దాంట్లోనే వస్తాను. ఇంటికి వచ్చే ముందు షెడ్డు దగ్గర ఆపుతాను. దిగాల్సింది నువ్వే.

టాపెట్లు రేకు దూరేంత వదిలే పెట్టాను. చప్పుడు చేస్తుంది. తగ్గించను.

ఇట్లు,
నీ కూతురు
సాహిత్య