తొమ్మిదో మెట్టు

సెప్టెంబర్ 8, సోమవారం

ఈరోజు నదిని చూసి భయపడ్డాను. ఏడు నెలలుగా రోజూ దాటుతున్న నదే.

హౌరా ఘాట్‌లో లాంచీ కోసం నిలబడి ఉంటే ఎవరో బాన్, బాన్ అని అరిచారు. మెట్ల మీద స్నానాలు చేస్తున్నవాళ్ళు తడిబట్టలతోనే పైకి పరుగెత్తారు. పడవలవాళ్ళు గబగబా నది మధ్యకు వెళ్ళిపోయారు. దక్షిణం వైపు ఒక తెల్లటి గీత, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా. దగ్గరికొచ్చేసరికి అది గోడ. బాన్ అంటే ఇదే, సముద్రపు పోటు నదిలోకి ఎదురెక్కి వస్తుందట, పున్నమికీ అమావాస్యకీ. మా హనుమకొండలో నీళ్ళు నల్లాలో వస్తాయి, అదీ రోజు విడిచి రోజు. నది వెనక్కి తిరిగి ఊళ్ళోకి నడిచి రావడం నేనెక్కడ చూశాను?

నోరు తెరుచుకుని నిలబడ్డాను. చెప్పులు తడిసిపోయాయి. ఆఫీసుకి గంట లేటు.

సెప్టెంబర్ 9, మంగళవారం

లేటుకి కారణం చెబితే జ్ఞానప్రసూనగారు తిట్టకపోగా ఎంత ఎత్తు వచ్చింది, ఎన్నింటికి వచ్చింది అని అడిగారు. ఆవిడ మా ఇన్‌స్టిట్యూట్‌లో నదుల సైంటిస్ట్. పదకొండేళ్ళుగా ఈ బాన్ ఒక్కదాని మీదే పని చేస్తున్నారు. పోటు వేళలతో అచ్చయిన టైడ్ టేబుల్ ఉంది కానీ అది ఏడాది ముందే వేసిన లెక్క, ఈ వారం ఎగువన పడిన వాన దానికి తెలియదు. ఆవిడ కంప్యూటర్ మోడల్‌కి తెలుసు. ఏ ఘాట్‌కి ఏ నిమిషానికి ఎంత ఎత్తు వస్తుందో చెప్పగలదు.

చిక్కంతా టైముతోనే. నది కొలతలు తెల్లవారి ఐదింటికి అందుతాయి. పదింటికల్లా జవాబు రాకపోతే ఘాట్లకి కబురు చేసే వ్యవధి ఉండదు. ఇప్పుడు లెక్కకి రెండున్నర గంటలు, మధ్యమధ్యలో డిస్కుల మీద రాయడానికి ఐదు. అంటే నీళ్ళొచ్చి వెళ్ళిపోయాక, నీళ్ళొస్తాయి జాగ్రత్త అని చెబుతుంది. ఈ మాట ఆవిడే నవ్వుతూ అన్నారు. నాకు నవ్వు రాలేదు.

అందుకే ఈ కొత్త స్టోరేజ్. ఒకే ఫైల్‌ని ముక్కలు చేసి ఎనిమిది సర్వర్లు ఒకేసారి రాస్తాయి. డిస్కుల జోలికి పోకముందే, మధ్యనున్న నెట్‌వర్క్ ఎంత మోయగలదో కొలవడం నా పని. గడువు 19. ఎందుకంటే 21 మహాలయ అమావాస్య. ఊరు ఊరంతా పితృదేవతలకి తర్పణాలని నదిలో దిగి ఉంటుంది.

ఒక్కో సర్వర్‌నీ విడివిడిగా కొలిచాను. సెకనుకి 11.8 గిగాబైట్లు. ఎనిమిదీ అంతే. అక్క పెళ్ళి వీడియో, ఇంటిల్లిపాది ఫోటోలు అన్నీ కలిపి అరవై జీబీ ఉంటాయి. ఒక్క సర్వర్‌కి ఐదు సెకన్ల పని!

సెప్టెంబర్ 11, గురువారం

ఎనిమిదింటినీ కలిపి పరుగెత్తించాను. 94 రావాలి. 47 వచ్చింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మళ్ళీ 47. మళ్ళీ 47.

కేబుళ్ళు వేసింది మా టెక్నీషియన్ ప్రేమ్‌సాగర్. హౌరా పక్కన లిలువాలో నేను మేడమీద అద్దెకుంటున్న ఇంటి ఓనరు నరసమ్మగారి కొడుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు గది చూపించిందీ, లాంచీ ఎక్కడం నేర్పిందీ అతనే. మా హెడ్ భానుమూర్తిగారు ఎందుకు తగ్గింది అని అడిగితే, కేబుళ్ళు సరిగా కూర్చోలేదనుకుంటా సార్ అన్నాను. అనుకుంటా అన్న ముక్క ఆయన చెవికెక్కలేదు. కేబులింగ్ నాసిరకం అని అందరికీ మెయిల్ పెట్టేశారు. ప్రేమ్‌సాగర్‌కి కూడా.

సెప్టెంబర్ 14, ఆదివారం

ప్రేమ్‌సాగర్ నిన్నా ఇవాళా మెషిన్ రూమ్‌లోనే ఉన్నాడు. నలభై ఎనిమిది కేబుళ్ళూ పీకి, కొసలు తుడిచి, మళ్ళీ పెట్టాడు. నా మీద కోప్పడి ఉంటే బాగుండేది.

నరసమ్మగారు చేపల పులుసు పంపకుండా తనే మెట్లెక్కి తెచ్చారు, ఆ మోకాళ్ళతో. ఏటమ్మా అలా సిక్కిపోయావు, మా వోడు సరిగా పని సేయట్లేదా అని అడిగారు. లేదండీ, బాగానే చేస్తున్నాడు అంటూ గిన్నె అందుకున్నాను.

మహాలయ సంగతి కూడా చెప్పారు. భర్త మల్లేశుగారు రైల్వే వర్క్‌షాప్ ఫిట్టరు, పోయి మూడేళ్ళు. ఏటా ప్రేమ్‌సాగర్ తర్పణం వదులుతాడు, ఈవిడ మెట్ల మీద కూర్చుంటారు. పోయినేడు బాన్ వచ్చినప్పుడు కొడుకు ఈవిణ్ణి ఎత్తుకుని పైకి పరుగెత్తాడట. మల్లేశుగారి ఇత్తడి చెంబు మాత్రం కొట్టుకుపోనాది అన్నారు. ఎన్నింటికి వస్తుందో ఈసారి మా మెషిన్ చెబుతుందేమో అన్నాను. ఏ మెట్టు దాకా వస్తాదో అది సెప్తాదా, సెప్తే నా కొత్త సెంబు ఆ పై మెట్టు మీద పెడతాను, సూద్దారి అని నవ్వారు.

సెప్టెంబర్ 15, సోమవారం

తుడిచాక కూడా 47.

నాలుగు సర్వర్లతో 47. ఆరింటితో 47. ఎనిమిదింటితో 47. పాడైన కేబుల్ ఇలా ఉండదు. ఎక్కడో తల తగులుతోంది.

సెప్టెంబర్ 16, మంగళవారం, మధ్యాహ్నం 3:10

నాదే తప్పు.

వైరింగ్ బొమ్మ తీసి చూశాను. గీసింది నేనే. స్టోరేజ్ సర్వర్లన్నీ ఎడమ పక్క ఒక నెట్‌వర్క్ స్విచ్‌కి, అంటే కేబుళ్ళన్నీ కలిసే పెట్టెకి. లెక్కలు చేసే మెషిన్లన్నీ కుడి పక్క ఇంకో స్విచ్‌కి. అమ్మ వంటింట్లో పప్పులు ఒక అరలో, పొడులు ఒక అరలో సర్దినట్టు. రెండు స్విచ్‌ల మధ్య నాలుగే కేబుళ్ళు. నాలుగు పదకొండు పాయింట్ ఎనిమిదులు నలభై ఏడు. ఒక్కొక్కరే దాటితే హాయిగా దాటతారు, అందుకే విడివిడిగా కొలిచినప్పుడు పట్టుబడలేదు. అందరూ ఒకేసారి బయల్దేరితే మాత్రం ఆ నాలుగింటి మీదే పడాలి.

ఆ బొమ్మకి మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. ఎంత నీట్‌గా ఉందో అన్నారు.

4:30

భానుమూర్తిగారికి చెప్పాను. దిద్దుబాటు మెయిల్ నేనే పెట్టాను, అందరికీ, నా పేరుతో. ప్రేమ్‌సాగర్ దగ్గరికి వెళ్ళి సారీ అన్నాను. అతను తలెత్తకుండా, ఇది నాకు మొదట్లోనే తేడాగా అనిపించింది మేడమ్, కానీ అంత అందంగా గీసారు కదా, తప్పుంటాదేటి అనుకున్నాను అన్నాడు. తిట్టినా ఇంత తగిలేది కాదు.

సెప్టెంబర్ 17, బుధవారం

గడువు రెండు రోజులే ఉంది. ఇవాళ విశ్వకర్మ పూజ.

సర్వర్లు పెట్టిన రాక్‌ల మీద బంతిపూలు, గంధం బొట్లు. ప్రేమ్‌సాగర్ తన స్క్రూడ్రైవర్లు, కేబుల్ టెస్టర్ పీట మీద పెట్టి దండం పెట్టుకున్నాడు. ఇవాళ పనిముట్టు ముట్టను మేడమ్, వర్క్‌షాప్‌లో నాన్న కూడా ముట్టేవోడు కాదు అన్నాడు. ఆదివారం తర్పణానికి నదిలో దిగేది అతనే. అయినా ముట్టనన్నాడు. అతనికి చేసినదాని తర్వాత బలవంతపెట్టడానికి నాకు నోరు రాలేదు.

కాసేపటికి తనే కాగితం అడిగాడు. పెన్ను నా పనిముట్టు కాదు కదా అన్నాడు. నాలుగు సర్వర్లు ఈ స్విచ్‌కి, నాలుగు ఆ స్విచ్‌కి. మెషిన్లు కూడా సగం ఇటు, సగం అటు. ఇప్పుడు సగం రద్దీ స్విచ్ దాటనే దాటదు, మిగతా సగం రెండు వైపులా పంచుకుంటుంది. కొత్త కేబుల్ ఒక్కటీ అక్కర్లేదు. బొమ్మ మాత్రం చిక్కుపడ్డ జడలా ఉంది. వేరే దారి లేదు.

నా పనిముట్టు కీబోర్డ్. నేనూ ముట్టుకోలేదు. ఇద్దరం టెర్రస్ మీద నిలబడి, ఈ పండక్కి ఇక్కడ ఊరంతా ఎగరేసే గాలిపటాలు చూశాం.

సెప్టెంబర్ 18, గురువారం, సాయంత్రం 5:40

94.1

ప్రేమ్‌సాగర్ ఆఖరి కేబుల్ మార్చి సరే అన్నాక పరుగెత్తిస్తే ఫ్యాన్లన్నీ ఒక్కసారి లేచాయి. గది మొత్తం ఒకే శబ్దం. కాలికింద నేల అదిరింది. ఎనిమిది గ్రాఫ్‌లు పక్కపక్కన, ఒకే ఎత్తున, తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. ఆ గీత నేను ఇంతకుముందు చూశాను. హౌరా ఘాట్‌లో.

ఏడ్చేశాను. ప్రేమ్‌సాగర్ అటు తిరిగి కేబుళ్ళు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

మోడల్ మొత్తం పరుగు: నాలుగు గంటల యాభై నిమిషాలు. జ్ఞానప్రసూనగారు రాక్‌ని చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు. సైంటిస్టులు ఇలా చేస్తారా అని అడిగితే, పదకొండేళ్ళు ఆగితే ఎవరైనా చేస్తారమ్మా అన్నారు.

సెప్టెంబర్ 20, శనివారం

ప్రేమ్‌సాగర్ టేపు పట్టుకుని హౌరా ఘాట్‌కి వెళ్ళి ప్రతి మెట్టూ కొలుచుకొచ్చాడు. మీటర్లంటే మా అమ్మకేటి తెలుస్తాది, మెట్లంటే తెలుస్తాది అన్నాడు. ఆ కొలతలు జ్ఞానప్రసూనగారు మోడల్‌లో పెట్టించారు.

సెప్టెంబర్ 21, ఆదివారం, ఉదయం 9:52

వచ్చింది. మా ఘాట్‌కి 11:26. పైనుంచి తొమ్మిదో మెట్టు తడుస్తుంది. టైడ్ టేబుల్ కన్నా ఇరవై రెండు నిమిషాలు ముందు.

ఘాట్లకి కబుర్లు వెళ్ళాయి. నేను టాక్సీలో ఉన్నాను. ప్రేమ్‌సాగర్ ఫోన్ ఎత్తడం లేదు, అప్పటికే నీళ్ళలో దిగాడేమో.

11:10

ఫోన్ ఎత్తాడు, తొమ్మిదో మెట్టని చెప్పాను. తర్పణం అయిపోయిందట. నేనూ ఘాట్ చేరాను. మైకులో చెబుతున్నారు, జనం సణుక్కుంటూ పైకి వస్తున్నారు. నరసమ్మగారు పైనుంచి ఒక్కో మెట్టూ వేలితో చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టి, ఎనిమిదో మెట్టు మీద చెంబు పెట్టి, కొడుకు భుజం పట్టుకుని పైకొచ్చారు. ఎవరు చెప్పినా తీయనంటున్నారు.

11:31

తొమ్మిదో మెట్టు తడిసింది. చెంబు అలాగే ఉంది.